ఆ ట్రంపెట్ ఎవరు ఊదారో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

జపాన్ పాప్ సంగీతం మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. గాయకుల గురించి, సింథసైజర్ల గురించి, గిటార్ల గురించి చక్కగా రాశారు. ట్రంపెట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "వెనక ఇత్తడి వాయిద్యాల హోరు" అని ఒక్క ముక్కతో దాటేశారు. ట్రంపెట్ ఊదేవాళ్లం, పిల్లలకు నేర్పేవాళ్లం కాబట్టి ఆ ముక్కకు జవాబు రాయకుండా ఉండలేకపోతున్నాం. జపాన్‌లో జనం నోళ్లలో నిలిచిపోయిన ట్రంపెట్ ఘట్టాలు హోరు కానే కావు. ఒక్కరే నిలబడి, గొంతెత్తి పాడినట్టు ఊదిన చిన్న వరసలవి. వాటికి ఊదినవాళ్ల పేర్లున్నాయి, ఊదిన పద్ధతి ఉంది.

మొదట చెప్పుకోవలసిన పేరు షిన్ కజుహర. జపాన్ స్టూడియోల్లో దశాబ్దాల పాటు ట్రంపెట్ ఊదిన ఆయన 2021లో కన్నుమూశారు. మన పాఠకుల్లో ఈ పేరు తెలిసినవాళ్లు తక్కువ, ఆయన ఊదింది విన్నవాళ్లు ఎక్కువ. హయావో మియజాకి 1986లో తీసిన 'లపుటా: కాజిల్ ఇన్ ద స్కై' అనే యానిమేషన్ సినిమాలో పజు అనే కుర్రాడు తెల్లవారుతూనే ఇంటి కప్పెక్కి ట్రంపెట్ ఊదుతాడు, పావురాలను వదులుతాడు. జో హిసాయిషి కట్టిన ఆ వరసను ఊదింది కజుహరే. జపాన్ టీవీలో శుక్రవారం రాత్రి సినిమా మొదలయ్యే ముందు ఏళ్ల తరబడి మోగిన పియెర్ పోర్ట్ స్వరపరచిన బాణీలో ట్రంపెట్ కూడా ఆయనదే. ఇవి సినిమా, టీవీ సంగీతం కదా, పాప్ ఎలా అవుతాయని ఎవరైనా అడగొచ్చు. పొద్దున సినిమాకు ఊదినవాళ్లే సాయంత్రం పాప్ రికార్డుకు ఊదే స్టూడియో ప్రపంచమది. మద్రాసు స్టూడియోల్లో మన పాటలకు వాయించినవాళ్ల సంగతీ అంతే. క్యాసెట్ అట్ట మీద సంగీత దర్శకుడి పేరు, గాయకుల పేర్లు ఉండేవి. మధ్యలో ట్రంపెట్ ఊదిన మనిషి పేరు ఎక్కడా ఉండేది కాదు.

పజు వరసను నేర్పమని అడిగే పిల్లలు చాలామంది. వినడానికి సులువుగా ఉంటుంది: వేగం లేదు, తారస్థాయిలో అరుపులు లేవు, మూడు వాల్వుల (వేళ్లతో నొక్కే మీటల) మీద వేళ్ల పని కూడా పెద్దగా లేదు. అయినా నూటికి తొంభైమంది అక్కడే దొరికిపోతారు. చుట్టూ వాయిద్యాలు దాదాపు లేనట్టే ఉంటాయి గనక శ్రుతి వెంట్రుకవాసి కదిలినా దాచుకోవడానికి చోటుండదు. బి ఫ్లాట్ ట్రంపెట్ గొట్టం పొడవు సుమారు 148 సెంటీమీటర్లు. ఆ గొట్టంలో సహజంగా పుట్టే స్వరాలన్నీ మనకు కావలసిన శ్రుతిలో ఉండవు. వాల్వులేవీ నొక్కకుండా పలికే పై 'ఇ' (రాత ప్రకారం) సుమారు 14 సెంట్లు, అంటే అర్ధస్వరంలో నూటికి పద్నాలుగు వంతులు దిగి ఉంటుంది. ఒకటి, మూడు వాల్వులు కలిపి నొక్కే కింది 'డి' అందుకు ఎదురు, పైకెక్కి ఉంటుంది. మూడూ నొక్కే 'సి షార్ప్' ఇంకా ఎక్కుతుంది. అందుకే మూడో వాల్వు స్లైడ్‌కు (జరిపి పొడవు మార్చే గొట్టానికి) వేలు దూర్చుకునే రింగు పెట్టారు. ఆ రెండు స్వరాలు వచ్చినప్పుడల్లా స్లైడ్‌ను బయటికి తోయాలి, దాటగానే లోపలికి లాక్కోవాలి. కొత్త పిల్లలు ఆ రింగును పట్టుకోవడానికే అనుకుంటారు. బ్యాండులో పదిమందితో కలిసి ఊదేటప్పుడు ఈ తేడా ఎవరికీ పట్టదు, ఒంటరిగా ఊదితే మొదటి వాక్యంలోనే బయటపడుతుంది.

సాధనకు మేం చెప్పే వరస ఇది. శ్రుతిపెట్టెను ఆరున్నర శ్రుతిలో పెట్టండి. ట్రంపెట్ నోటేషన్‌లో 'సి' అని రాసింది ఊదితే వినిపించేది అదే (బి ఫ్లాట్). ముందు వరసను నోటితో పాడండి, సరిగా పాడలేనిది సరిగా ఊదలేరు. తర్వాత మౌత్‌పీస్ ఒక్కటే పట్టుకుని అదే వరసను పెదవుల జుమ్ముతో పలికించండి. ఆ తర్వాతే ట్రంపెట్ అందుకోండి, అసలు వేగంలో సగంలో. ఊపిరి ఒక లెక్క ముందే తీసుకుని, తీసుకున్న వెంటనే ఆపకుండా ఊదెయ్యాలి. ఊపిరి పట్టి, గొంతు బిగించి, ఆ తర్వాత ఊదితే స్వరం పగిలి మొదలవుతుంది. నాలుకతో 'ట' అనే చోట 'ద' అనండి, మొదలు మెత్తబడుతుంది. స్వరం ముగించేటప్పుడు నాలుకతో కొయ్యకుండా ఊపిరి ఆపితే చాలు. గట్టిగా ఊదితే తప్పులు కప్పుకుపోతాయనుకుని మౌత్‌పీస్‌ను పెదవికేసి అదిమేవాళ్లు కూడా ఉన్నారు. అలా అదిమితే రక్తం ఆడక పది నిమిషాల్లో పెదవి మొద్దుబారుతుంది, ఆ తర్వాత మెత్తగా ఊదడం ఎవరి తరమూ కాదు.

మీ వ్యాసంలో రెండు పాటల్లో ట్రంపెట్ సోలో ఉన్నట్టు తప్పుగా పడింది, సరిదిద్దగలరు. మొదటిది క్యూ సకమొతో 1961లో పాడిన 'ఉఏ ఓ ముయితే అరుకో'. రొకుసుకె ఎయి రాసి, హచిదాయ్ నకమురా స్వరపరచిన ఈ పాట 1963 జూన్‌లో 'సుకియాకి' పేరుతో అమెరికాలో మూడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అసలు రికార్డులో అందరికీ గుర్తుండేది సకమొతో ఈల. అందులో ట్రంపెట్ సోలో లేదు. మీ రచయితకు గుర్తున్న ట్రంపెట్ బహుశా ఇంగ్లండ్‌కు చెందిన కెన్నీ బాల్‌ది. సకమొతో రికార్డు అమెరికాను ఊపెయ్యడానికి కొన్ని నెలల ముందే, 1963 మొదట్లో, ఆయన జాజ్ బృందం ఇదే బాణీని మాటలు లేకుండా ఊది బ్రిటన్ జాబితాలో పదో స్థానం దాకా తీసుకెళ్లింది. 'సుకియాకి' అన్న పేరు తగిలించింది కూడా ఆ బ్రిటిష్ రికార్డు కంపెనీయే.

రెండోది 1998 నాటి 'ట్యాంక్!'. యోకో కన్నో స్వరపరచగా సీట్‌బెల్ట్స్ బృందం వాయించిన 'కౌబాయ్ బీబాప్' యానిమేషన్ ధారావాహిక ప్రారంభ గీతం. ట్రంపెట్ల గుంపు అందులో అదరగొడుతుంది, నిజమే. సోలో మాత్రం ఆల్టో సాక్సోఫోన్‌ది, వాయించింది మసాతో హోండా. ఈ రెండు వాయిద్యాలనూ చెవితో విడదీయడం కష్టం కాదు. ట్రంపెట్‌లో స్వరం మొదలు స్పష్టంగా, నాలుక తగిలినట్టు వినిపిస్తుంది. సాక్సోఫోన్‌లో కింది నుంచి జారి స్వరాన్ని అందుకునే అలవాటు ఎక్కువ. రెండు స్థాయిల మీద చకచకా ఎక్కి దిగే పరుగు వినిపిస్తే అది సాక్సోఫోన్ అయ్యే అవకాశమే హెచ్చు, ఎందుకంటే అక్కడ వేళ్లు మారితే చాలు. ట్రంపెట్‌లో ప్రతి మెట్టుకూ పెదవి బిగువు కూడా మారాలి.

హోరు అన్న మాట నిజంగా వర్తించే బృందం ఒకటుంది, అదీ గర్వించదగ్గ హోరే. 1979లో వచ్చి 1981లో టోక్యోలోని బుడోకాన్ హాలులో కచేరీతో ముగిసిన స్పెక్ట్రమ్. ట్రంపెటర్ ఇచిరో నిత్తా దీని నాయకుడు, ముఖ్య గాయకుడు కూడా. అంతకుముందు క్యాండీస్ అనే ముగ్గురమ్మాయిల బృందానికి వెనక వాయించినవాళ్లే వీళ్లలో ప్రధానులు. క్యాండీస్ 1978 ఏప్రిల్‌లో వీడ్కోలు తీసుకున్నాక, వెనక ఉన్నవాళ్లు ముందుకొచ్చి నిలబడ్డారన్నమాట. పాడుతూ, ట్రంపెట్లను చేతుల్లో గిరగిరా తిప్పుతూ ఊదేవారు. పిల్లలు చూసి ఇది ప్రయత్నిస్తారు కాబట్టి ఒక మాట: తిప్పి మళ్లీ పెదవికి పెట్టుకునేటప్పుడు మౌత్‌పీస్ రెండు మిల్లీమీటర్లు పక్కకు పడినా మొదటి స్వరం జారిపోతుంది. పన్నుకు తగిలితే ఇక చెప్పక్కర్లేదు.

ఇక టోక్యో స్కా ప్యారడైజ్ ఆర్కెస్ట్రా. స్కా అంటే జమైకాలో పుట్టిన, లెక్కల మధ్య కొట్టే లయ మీద నడిచే సంగీతం. 1980ల్లో మొదలై ఇవాళ్టికీ వాయిస్తున్న ఈ బృందాన్ని మీరు ఒక్క వాక్యంలో ముగించడం మాకు నిజంగా బాధ కలిగించింది. ముందు వరసలో నాలుగు ఊదే వాయిద్యాలుంటాయి: ట్రంపెట్, ట్రాంబోన్, టెనర్ సాక్సోఫోన్, బ్యారిటోన్ సాక్సోఫోన్. ట్రంపెట్ ఒక్కటే, ఊదేది నార్గో. పెద్ద బ్యాండుల్లో నలుగురు ట్రంపెటర్లుంటారు, ఒకరు అలిసిపోతే ఇంకొకరు పై వరస అందుకుంటారు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. పాట పొడుగునా పై వరసను మోసినవాడే సోలో కూడా ఊదాలి. నార్గో సోలోలు అరుపుల్లోకి పోకుండా మధ్యస్థాయిలో, పాడుకోదగ్గట్టుగా ఉండటానికి ఆయన అభిరుచితో పాటు ఇది కూడా ఒక కారణమని మా అభిప్రాయం. 2001, 2002ల్లో వాళ్లు బయటి గాయకులతో వరసగా మూడు పాటలు చేశారు: తకావో తజిమా, యూసుకె చిబా, తమియో ఒకుదా. అదే 2001లో గాయని షీనా రింగో 'మయొనకా వా జున్‌కెత్సు'కూ వీళ్లే వాయించారు. ఈ నాలుగూ వరసగా వినండి. గాయకుడు ఆగిన చోట ట్రంపెట్ ఎంత తక్కువ మాట్లాడుతుందో గమనించండి.

స్కా ఊదేవాళ్లకు ఇబ్బంది పెట్టేది లయ. గిటార్, కీబోర్డు రెండు లెక్కల మధ్య చోట, అంటే ఎత్తు మీద, కొడుతుంటే ట్రంపెటర్ కాలు తెలియకుండానే దానితో కలిసి పరుగెడుతుంది. లయ కొట్టే యంత్రం మెట్రోనోమ్‌ను ప్రతి లెక్కకూ కాకుండా ఎత్తు మీద మాత్రమే మోగేలా ఊహించుకుని సాధన చెయ్యాలి. మొదట నిమిషానికి 100 లెక్కల వేగం, కుదిరాక ఐదేసి చొప్పున పెంచండి. పొట్టి స్వరాలు పొట్టిగానే ఉండాలి, పలచన కాకూడదు. స్వరం చిన్నదయ్యే కొద్దీ ఊపిరి తగ్గించడం సాధారణంగా జరిగే పొరపాటు. పొడుగు స్వరానికి పెట్టే ఊపిరే పెట్టి, త్వరగా ఆపాలి.

షీనా రింగో ప్రస్తావన వచ్చింది గనక టబు జోంబీని మరవకూడదు. 2001లో టోక్యోలో పుట్టిన సాయిల్ అండ్ పింప్ సెషన్స్ బృందం ట్రంపెటర్ ఈయన. తమ సంగీతాన్ని 'డెత్ జాజ్' అని వాళ్లే పిలుచుకున్నారు. 2006లో షీనా రింగోతో చేసిన 'కరిసొమె ఒతొమె'లో ట్రంపెట్ గాయనికి తోడుగా కాదు, పోటీగా నిలబడుతుంది. నార్గో అణచిపట్టే చోట ఈయన తెగిస్తాడు. రెండూ నిలిచే పద్ధతులే. కానీ నేర్చుకునేవాళ్లు ఈయనతో మొదలుపెట్టడం మంచిది కాదు. ఈ గరుకు ధ్వని కోసం లోతు తక్కువ మౌత్‌పీస్ కొనేసేవాళ్లను చూస్తుంటాం. స్వరం పైకి త్వరగా వెళ్లిన మాట నిజమే గానీ కింది స్థాయి సన్నబడి గాజు మోగినట్టవుతుంది. మొదటి రెండు మూడేళ్లు యమహా 11బి4 గానీ బాక్ 7సి గానీ చాలు.

దీనికి పూర్తిగా రెండో ఒడ్డున ఉన్నవాడు కజుఫుమి కొదామా. 1980ల్లో మ్యూట్ బీట్ అనే డబ్ (జమైకాలో పుట్టిన, ప్రతిధ్వనులతో అల్లే సంగీతం) బృందం నడిపారు, 1991లో ఫిష్‌మన్స్ బృందం మొదటి ఆల్బమ్‌ను తీర్చిదిద్దారు. డబ్‌లో ట్రంపెట్ ఒక చిన్న మాట అంటుంది, మిగతాది ప్రతిధ్వని చెబుతుంది. ఇళ్లలో రికార్డు చేసుకునేవాళ్లు దీన్ని చేద్దామని పోయి గందరగోళం చేసుకునేది ఆలస్యపు లెక్కలో. 60,000ను పాట వేగంతో భాగించండి, ఒక లెక్కకు ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 75 వేగంలో అది 800. ముప్పావు లెక్క ప్రతిధ్వని కావాలంటే 600 పెట్టండి. ప్రతిధ్వని పాడుతున్నప్పుడు మీరు ఊదకండి. రెండూ ఒకేసారి వస్తే ఏదీ వినిపించదు.

ట్రంపెట్‌నే కరెంటుకు కలిపి వేరే వాయిద్యంగా మార్చిన తొషినొరి కొండో (1948-2020) డీజే క్రష్‌తో 1996లో చేసిన 'కి-ఒకు' వినదగ్గది. కొత్తవాళ్లలో తకుయా కురోదా పేరు చేర్చండి. బ్లూ నోట్ అనే అమెరికా జాజ్ రికార్డు సంస్థలో 2014లో రికార్డు చేసిన ఈ ట్రంపెటర్, 2017లో గాయని మిసియాతో చేసిన 'సోల్ జాజ్ సెషన్'లో గొంతుకూ ట్రంపెట్‌కూ మధ్య సంభాషణ ఎలా ఉండాలో చూపించారు.

జాజ్ ఛాయ ఉన్న పాటల్లో వినిపించే, ముక్కుతో పలికినట్టుండే సన్నటి ట్రంపెట్ హార్మన్ మ్యూట్‌ది. ట్రంపెట్ ముందుండే వెడల్పు నోట్లో (బెల్‌లో) దూర్చే, అల్యూమినియం డబ్బా లాంటి ఆ మ్యూట్‌కు చుట్టూ పూర్తిగా కార్క్ ఉంటుంది కాబట్టి గాలంతా దాని లోపలి నుంచే పోవాలి. మధ్యలో ఉండే చిన్న గొట్టం తీసేస్తే ఆ ధ్వని వస్తుంది. బిగించే ముందు కార్క్ మీద నోటితో రెండుసార్లు ఆవిరి ఊది, కొంచెం తిప్పుతూ దూర్చాలి. లేకపోతే సోలో మధ్యలో ఊడి కింద పడుతుంది. మ్యూట్ పెట్టగానే శ్రుతి ఎక్కుతుంది గనక శ్రుతి సరిచేసే ట్యూనింగ్ స్లైడ్ కొద్దిగా బయటికి లాగాలి, తీసేశాక వెనక్కి తోయడం మరవకూడదు. ధ్వని చాలా చిన్నది కాబట్టి మైకును దాదాపు ఆనించినంత దగ్గర పెట్టాలి. మ్యూట్ లేని ట్రంపెట్‌కు దీనికి పూర్తిగా ఎదురు: స్టూడియోలో 40 నుంచి 60 సెంటీమీటర్ల దూరం, అదీ బెల్‌కు సూటిగా కాక కొంచెం పక్కగా. మన ఊళ్లలో పాడే మైకునే బెల్‌లో దూర్చేస్తారు, అందుకే అంత చీకిపోయినట్టు వినిపిస్తుంది. ఫోనుతో తీసేవాళ్లు ఫోనును రెండు మీటర్ల అవతల, పక్కగా పెట్టుకోండి.

జపాన్‌లో ఇంతమంది ట్రంపెటర్లు ఎక్కడి నుంచి వస్తున్నారన్నది మీ వ్యాసంలో లేదు. బడుల నుంచి వస్తున్నారు. హైస్కూళ్లలో ఊదే వాయిద్యాల బృందాలు విస్తారంగా ఉన్నాయి. నవొహిరో ఇవాయ్ చొరవతో 1972లో మొదలైన 'న్యూ సౌండ్స్ ఇన్ బ్రాస్' ఆల్బమ్‌లు, నోటేషన్లు అప్పటి పాప్ పాటలను ఆ బృందాల చేతికి అందించాయి. వేసవిలో కోషియెన్ స్టేడియంలో జరిగే హైస్కూల్ బేస్‌బాల్ పోటీల్లో ఈ పిల్లలే ఎండలో కూర్చుని పాటలు వాయిస్తారు. లిండా యమమొతో 1973లో పాడిన 'నెరాయుచి' ఇవాళ్టికీ అక్కడ మోగుతూనే ఉంటుంది. పాట పుట్టినప్పటికి వాళ్ల తల్లిదండ్రుల్లో చాలామంది పుట్టనైనా లేదు. ఎండలో ట్రంపెట్ శ్రుతి ఎక్కుతుంది. గొట్టంలో గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 3 సెంట్లు. మే నెలలో ఊరేగింపులో ఊదే మన బ్యాండువాళ్లకు ఇది అనుభవమే. జపాన్ బడి బృందాలు సాధారణంగా 442 శ్రుతికి ('ఎ' స్వరానికి సెకనుకు 442 కంపనాలు) కలుపుకుంటాయి. 440లో ఉన్న రికార్డుతో కలిసి ఊదాలంటే తేడా 8 సెంట్లు, ట్యూనింగ్ స్లైడ్ మూడు నాలుగు మిల్లీమీటర్లు బయటికి లాగితే సరిపోతుంది.

ఒక సోలోకూ ఇంకో సోలోకూ తేడా ఏమిటో చెవికి తెలియాలంటే 2015 నాటి 'సౌండ్! యూఫోనియం' యానిమేషన్ ధారావాహికలో ఆడిషన్ ఘట్టం చూడండి. బడి బృందంలో ఇద్దరమ్మాయిలు హాలులో ఒకరి తర్వాత ఒకరు ఒకే సోలో ఊదుతారు. అకితో మత్సుదా రాసిన స్వరాలు, రెండుసార్లూ అవే. మొదటామె తప్పేమీ ఊదదు. రెండో ఆమె రెయినా ఊదినప్పుడు వాక్యం మధ్యలో ధ్వని కుంగదు, పై స్వరం దగ్గర సన్నబడదు, చివరి స్వరం గోడ దాకా వెళ్తుంది. కళ్లు మూసుకుని విన్నా ఎవరెవరో తెలిసిపోతుంది. ఆ సంగీతాన్ని సెన్‌జొకు సంగీత కళాశాల విద్యార్థులు వాయించారు.

మా విన్నపం ఒక్కటే. జపాన్ డిస్కులతో వచ్చే పుస్తకంలో చాలావరకు ఏ పాటకు ఎవరు ఏ వాయిద్యం వాయించారో అచ్చవుతుంది. ఫోనులో పాట వినే యాప్‌లలో ఆ వివరం తరచుగా ఉండదు, అందుకే పేర్లు తెలియకుండా పోతున్నాయి. మీ వ్యాసంలో పేర్కొన్న పాటలకు ట్రంపెట్, సాక్సోఫోన్ వాయించినవాళ్ల పేర్లను డిస్కు పుస్తకాల్లో చూసి, వచ్చే ఆదివారం ఒక చిన్న పెట్టెలో వేయగలరు. 'సుకియాకి', 'ట్యాంక్!' సవరణలను అదే పెట్టెలో చేర్చగలరు.

ఇట్లు,
ట్రంపెట్ ఊదే, నేర్పే మిత్రులం,
విజయవాడ